సోరియా ప్రావిన్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

సోరియా అంటే ఊరా, జిల్లానా?

రెండూ. స్పెయిన్‌లో చాలాచోట్ల ప్రావిన్స్‌కూ, దాని ముఖ్యపట్టణానికీ ఒకటే పేరు ఉంటుంది. స్పెయిన్‌లో 17 స్వయంపాలిత ప్రాంతాలు, 50 ప్రావిన్సులు ఉన్నాయి. మన రాష్ట్రాలు, జిల్లాల లెక్కలో ఊహించుకుంటే పెద్ద పొరపాటేమీ కాదు. తొమ్మిది ప్రావిన్సులున్న కాస్తియా-లెయోన్ ప్రాంతంలో తూర్పు కొసన ఉన్నది సోరియా. దానికి ఉత్తరాన లా రియోహా, తూర్పున సరగోసా, దక్షిణాన గ్వాదలహారా, నైరుతిలో సెగోవియా, పడమట బుర్గోస్ ఉన్నాయి. మాడ్రిడ్ నుంచి ఈశాన్యంగా కారులో రెండు గంటలకు పైగా పడుతుంది. ఈ పేజీలో ‘సోరియా’ అని మాత్రమే రాస్తే ప్రావిన్స్ అనీ, ‘సోరియా పట్టణం’ అని రాస్తే ఊరనీ అర్థం చేసుకోండి.

ఎంత పెద్దది? ఎంతమంది ఉంటారు?

వైశాల్యం 10,306 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి మెదక్ జిల్లా కంటే కాస్త ఎక్కువ. 2011 జనాభా లెక్కల్లో మెదక్‌లో 30 లక్షల మంది ఉన్నారు. సోరియాలో ఉన్నది దాదాపు 90 వేలు. లక్షలు కావు, వేలే. చదరపు కిలోమీటరుకు తొమ్మిది మంది కూడా లెక్కకు రారు. స్పెయిన్ ప్రావిన్సులన్నిటిలో అతి తక్కువ జనాభా ఇక్కడిదే.

ఆ 90 వేలలో 40 వేల మంది సోరియా పట్టణంలోనే ఉంటారు. దాని తర్వాత చెప్పుకోదగ్గ ఊళ్ళు అల్మాసాన్, ఎల్ బుర్గో దె ఓస్మా. రెండింటిలోనూ ఐదేసి వేల మంది. ప్రావిన్స్‌లో మొత్తం 183 మున్సిపాలిటీలున్నాయి. ఆ మాట వినగానే చెత్త లారీలు, ఆస్తి పన్ను కౌంటర్లు ఉన్న మన పురపాలక సంఘాన్ని ఊహించుకోకండి. అక్కడ ఎంత చిన్న ఊరికైనా పాలనాపరంగా ఆ పేరే. సగానికి పైగా మున్సిపాలిటీల్లో వంద మంది కూడా లేరు.

అక్కడ నేల ఎలా ఉంటుంది?

ఎత్తుగా ఉంటుంది. సోరియా పట్టణమే సముద్రమట్టానికి 1,063 మీటర్ల ఎత్తున ఉంది. ప్రావిన్స్ ముఖ్యపట్టణాల్లో ఆవిలా తర్వాత అంత ఎత్తైనది ఇదే. వాయవ్యంలో ఉర్బియోన్ శిఖరాలు (2,228 మీటర్లు), తూర్పు సరిహద్దున మోంకాయో (2,300 మీటర్ల పైచిలుకు) కాపలా కాస్తుంటాయి. ఈ రెండింటి మధ్యా పైన్ అడవులు, గోధుమ, బార్లీ చేలు, రాళ్ళు తేలిన మేత భూములు పరుచుకుని ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది దుయెరో నది. ఉర్బియోన్ కొండల్లో పుట్టి, మొదట తూర్పుకు, ఆ తర్వాత దక్షిణానికి పారి, సోరియా పట్టణాన్ని ఒరుసుకుని, అల్మాసాన్ దగ్గర పడమటికి మళ్ళుతుంది. అక్కడి నుంచి స్పెయిన్ దాటి, పోర్చుగల్‌లో దౌరో అని పేరు మార్చుకుని, పోర్తో దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది. మొత్తం 897 కిలోమీటర్లు. మధ్యధరా సముద్రం వైపు బయలుదేరినట్టే బయలుదేరి, మనసు మార్చుకుని వెనక్కి తిరిగిన నది ఇది. కవి అంతోనియో మచాదో ఆ మలుపును ఎక్కుపెట్టిన విల్లు వంపుతో పోల్చాడు. పటం తీసి చూడండి, అది కవి అతిశయోక్తి కాదని తెలుస్తుంది. అయితే ప్రావిన్స్‌లో నీళ్ళన్నీ దుయెరోకే పోవు. దక్షిణాన హలోన్ నది తూర్పుకు పారి ఎబ్రోలో కలుస్తుంది.

చూడదగ్గ చోట్లలో ఉర్బియోన్ కింద నిలువు రాతిగోడల మధ్య ఉన్న నల్ల మడుగు (లగూనా నేగ్రా) ఒకటి. లోబోస్ నది సున్నపురాయిని కోసుకుంటూ చేసిన లోయ మరొకటి. లోయ నడుమ సాన్ బర్తోలొమే అనే చిన్న గుడి, దాని వెనక ఒక పెద్ద గుహ ఉంటాయి.

చలి బాగా ఉంటుందా?

ఉంటుంది. కాస్తియా నేల గురించి ఒక పాత సామెత ఉంది: తొమ్మిది నెలలు చలికాలం, మూడు నెలలు నరకం. స్పానిష్‌లో ఈ రెండు మాటలకూ ఒక్క అక్షరమే తేడా: ఇన్వియెర్నో, ఇన్ఫియెర్నో. సోరియా విషయంలో మొదటి సగం పూర్తిగా నిజం, రెండో సగం అన్యాయం. జూలైలో పగలు ఎండ కాసినా రాత్రికి పలచటి స్వెట్టర్ వేసుకోవాల్సిందే.

అక్కడ మనుషులు ఎప్పటి నుంచి ఉన్నారు?

దక్షిణాన అంబ్రోనా, తొర్రాల్బా అనే రెండు కుగ్రామాల దగ్గర నేల తవ్వితే ఏనుగుల ఎముకలు, వాటి పక్కన ఆదిమానవుల రాతి పనిముట్లు బయటపడ్డాయి. అవి లక్షల ఏళ్ళ నాటి తిన్నని దంతాల ఏనుగులు. ఇప్పుడా జాతి లేదు. తొర్రాల్బా తవ్వకాలు 1909లో మొదలయ్యాయి. ఇంకా వెనక్కి వెళితే, ఈశాన్యంలోని తియెర్రాస్ ఆల్తాస్ కొండల్లో రాళ్ళ మీద డైనోసార్ల అడుగులున్నాయి. మనుషుల అడుగులు కరువైన ఆ కొండలకు ఇప్పుడు పర్యాటకులు వచ్చేది ఎక్కువగా వాటి కోసమే.

నుమాన్సియా కథ ఏమిటి? స్పెయిన్‌లో అందరూ దాని పేరు ఎందుకు చెబుతారు?

సోరియా పట్టణానికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, గర్రాయ్ అనే ఊరి పక్కన ఒక మట్టి దిబ్బ ఉంది. దాని మీద నిలబడితే గాలి, గడ్డి, పునాది రాళ్ళ వరసలు తప్ప ఏమీ కనిపించవు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో అక్కడ అరెవాకీలు అనే కెల్టిబేరియన్ తెగ కోట ఉండేది. ఆ చిన్న కోట రోమ్‌కు 20 ఏళ్ళ పాటు నిద్ర లేకుండా చేసింది.

గొడవ పక్క ప్రాంతంలోని సెగేదా పట్టణంతో మొదలైంది. వాళ్ళు కోటగోడ పెంచుకుంటున్నారని రోమ్ అభ్యంతరం చెప్పింది. యుద్ధానికి సేనాపతిని త్వరగా పంపడం కోసం క్రీస్తుపూర్వం 153లో కాన్సుల్స్ (ఏటా ఎన్నికయ్యే ఇద్దరు రోమ్ పాలకులు) పదవీ స్వీకారాన్ని మార్చి 15 నుంచి జనవరి 1కి జరిపారు. ఆ తర్వాత ఆ తేదీ అలాగే స్థిరపడింది. డిసెంబరు 31 అర్ధరాత్రి కేకు కోసేవారికి ఈ కొండల్లోని ఒక గోడ తగాదాతో సంబంధం ఉందన్నమాట.

సెగేదా జనం పారిపోయి నుమాన్సియాలో తలదాచుకున్నారు. వెంటబడి వచ్చిన రోమన్ సేనాపతి నొబిలియోర్ ఏనుగులను కూడా తెచ్చాడు. ముట్టడిలో కోట మీద నుంచి ఒక బండ వచ్చి ఒక ఏనుగు తలకు తగిలింది. అది బెదిరి వెనక్కి తిరిగి సొంత సైన్యాన్నే తొక్కింది. మిగతావీ దాన్ని అనుసరించాయి. క్రీస్తుపూర్వం 137లో మన్‌కీనుస్ అనే మరో సేనాపతి మొత్తం సైన్యంతో సహా చిక్కుకుని, సంధి చేసుకుని బతికి బయటపడ్డాడు. రోమ్ సెనేట్ ఆ సంధి చెల్లదంది. పరిహారంగా మన్‌కీనుస్‌ను బట్టలు విప్పి, చేతులు కట్టి నుమాన్సియా ద్వారం ముందు నిలబెట్టారు. కోటవాళ్ళు ‘మాకొద్దు’ అని తలుపు తీయలేదు.

చివరికి క్రీస్తుపూర్వం 134లో కార్తేజ్‌ను నేలమట్టం చేసిన స్కిపియోనే పంపారు. అతను వచ్చీ రాగానే చేసిన పని యుద్ధం కాదు. శిబిరంలోని వర్తకులను, వేశ్యలను, జోస్యులను తరిమేసి, సైనికుల చేత కందకాలు తవ్వించడం, పూడ్పించడం, మళ్ళీ తవ్వించడం. ఆ తర్వాత కోట చుట్టూ దాదాపు తొమ్మిది కిలోమీటర్ల గోడ, ఏడు శిబిరాలు కట్టించాడు. దుయెరో మీదుగా ఎవరూ ఈదిగానీ పడవల్లోగానీ రాకుండా నదిలో ఇనుప ములుకులు దిగ్గొట్టిన దూలాలను తాళ్ళతో వేలాడదీశాడు. ప్రవాహానికి అవి గిరగిర తిరుగుతుంటే మనిషి దాటడం అసాధ్యం. రెతోగెనెస్ అనే వీరుడు కొందరు తోటివారితో కలిసి ఒక రాత్రి గోడ దాటి లూతియా అనే ఊరికి వెళ్ళి సాయం అడిగాడు. అక్కడి యువకులు సరేనన్నారు. సంగతి తెలిసిన స్కిపియో ఆ ఊరిని చుట్టుముట్టి 400 మంది యువకుల చేతులు నరికించాడు.

క్రీస్తుపూర్వం 133లో ఆకలి గెలిచింది. తోలు ఉడకబెట్టుకుని తిన్నారని, ఆ తర్వాత చెప్పుకోలేనివీ తిన్నారని గ్రీకు చరిత్రకారుడు ఆపియన్ రాశాడు. చాలామంది లొంగిపోవడం కంటే చావడమే నయమనుకుని ప్రాణాలు తీసుకున్నారు. మిగిలినవారిలో 50 మందిని విజయోత్సవ ఊరేగింపు కోసం ఉంచుకుని, తక్కినవారిని స్కిపియో బానిసలుగా అమ్మేశాడు. ఊరిని తగలబెట్టాడు. నేటికీ స్పానిష్‌లో చివరి ఊపిరి దాకా పట్టు విడవని పోరాటాన్ని ‘నుమాంతీనో’ అంటారు. ఫుట్‌బాల్ వ్యాఖ్యాతలు పది మందితో ఆడి గోల్ ఇవ్వని జట్టుకు కూడా ఈ మాటే వాడతారు.

మధ్యయుగంలో ఏమి జరిగింది?

దుయెరో నది ఉత్తరాది క్రైస్తవ రాజ్యాలకూ దక్షిణాది అందలూసీ ముస్లిం రాజ్యానికీ మధ్య సరిహద్దు అయింది. కోటలు అందుకే ఇన్ని ఉన్నాయి. వాటిలో గొర్మాస్ కోటను ఖలీఫా రెండో అల్ హకమ్ కాలంలో, 965 ప్రాంతంలో విస్తరించారు. కొండ మీద కిలోమీటరుకు పైగా చుట్టుకొలతతో, ఓడలా నిలబడి ఉంటుంది. గుర్రపు నాడా ఆకారపు ద్వారం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మెదీనాసెలి పేరు మదీనత్ సాలిమ్ నుంచి వచ్చింది. ఉత్తరాదిని గడగడలాడించిన సేనాని అల్మాన్సోర్ 1002లో ఆ ఊరి దగ్గరే చనిపోయాడు. కలాతన్యాసోర్‌లో ఓడి అతను తన భేరి పోగొట్టుకున్నాడని పిల్లలు కూడా పాడుకునే పలుకు ఒకటుంది. అసలు ఆ యుద్ధం జరగలేదనే చరిత్రకారులు అంటారు. ప్రాస బాగా కుదిరింది కాబట్టి యుద్ధం నిలిచిపోయింది.

1119లో అరగోన్ రాజు మొదటి అల్ఫోన్సో సోరియా పట్టణానికి జనాన్ని తెచ్చి నిలిపాడు. ఊరి ముద్ర మీద ‘స్వచ్ఛమైన సోరియా, ఎక్స్‌త్రెమదూరాకు శిరస్సు’ అని రాసి ఉంటుంది. ఎక్స్‌త్రెమదూరా ఎక్కడో నైరుతిన ఉంది కదా అని చాలామంది తికమకపడతారు. అప్పట్లో ఆ మాట సరిహద్దు నేల మొత్తానికీ వాడేవారు.

సాన్ బౌదేలియో గుడి బొమ్మలు అమెరికాకు ఎలా వెళ్ళాయి?

బెర్లాంగా ఊరికి దగ్గర్లో, 11వ శతాబ్దపు చిన్న రాతి గుడి. బయటి నుంచి ధాన్యపు కొట్టులా ఉంటుంది. లోపల నడుమ ఒకే ఒక్క స్తంభం పైకి లేచి, ఖర్జూరపు మట్టల్లా ఎనిమిది వైపులకు విచ్చుకుని కప్పును మోస్తుంది. గోడల మీద ఏనుగు, ఒంటె, వేటకుక్కలు, కుందేళ్ళ వెంటపడే రౌతు చిత్రించి ఉండేవి. గుడి ఊరివాళ్ళ సొంత ఆస్తి. 1920లలో ఒక పురాతన వస్తువుల వ్యాపారి వచ్చి ఆ బొమ్మలు కొన్నాడు. వ్యవహారం కోర్టుకెక్కి, అమ్మకం చెల్లుతుందని తేలింది. గోడల మీది రంగు పొరను గుడ్డకు అంటించి, ఒలిచి, చుట్టలు చుట్టి ఓడెక్కించారు. కొన్ని 1957లో తిరిగొచ్చాయి గానీ సోరియాకు కాదు, మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియానికి. అది కూడా మరో గుడి తూర్పు భాగాన్ని రాయి రాయిగా విప్పి న్యూయార్క్‌కు పంపినందుకు బదులుగా. ఇప్పుడు గుడిలోకి వెళితే గోడల మీద ఆ రంగుల నీడ మాత్రం మిగిలి ఉంటుంది. గచ్చు పీల్చుకున్న రంగు కాబట్టి దాన్ని ఎవరూ ఒలవలేకపోయారు.

గొర్రెల గురించి ఎందుకు అంత చెబుతారు?

ఇప్పుడు ఖాళీగా కనిపించే ఈ నేల ఒకప్పుడు ధనవంతుల నేల కాబట్టి. ఆ డబ్బు మెరీనో గొర్రెల ఉన్ని నుంచి వచ్చింది. 1273లో పదో అల్ఫోన్సో రాజు గొర్రెల కాపరుల సంఘాలను కలిపి ‘మెస్తా’ అనే సంస్థకు అధికార ముద్ర వేశాడు. దాని నాలుగు విభాగాల్లో ఒకటి సోరియాది. మంచు పడక ముందే, అక్టోబరులో, మందలు ఎక్స్‌త్రెమదూరా, అందలూసియా మేతలకు నడిచేవి. మే, జూన్ నెలల్లో తిరిగొచ్చేవి. పాలమూరు నుంచి మందలు తోలుకుని వలస పోయే గొల్లకురుమలను చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. తేడా ఏమిటంటే, ఇక్కడ గొర్రెలకు రాజమార్గాలుండేవి. ‘కన్యాదా’ అనే ఆ దారులు దాదాపు 75 మీటర్ల వెడల్పు. ఎవరూ దున్నకూడదు, కట్టకూడదు. మెస్తా 1836లో రద్దయినా, ఆ దారులు ఇప్పటికీ చట్టప్రకారం ప్రజల ఆస్తే.

మగవాళ్ళు ఏడాదిలో సగానికి పైగా ఇంట్లో ఉండేవారు కారు. చలికాలమంతా ఊరు నడిపింది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. ఒంకాలా అనే ఊరిలో కాపరుల మ్యూజియం ఉంది. అదే ఊరి చర్చిలో, నమ్మశక్యం కాదు గానీ, ప్రసిద్ధ చిత్రకారుడు రూబెన్స్ గీసిన నమూనాల మీద నేసిన ఫ్లాండర్స్ తెరలు వేలాడుతుంటాయి. ఆ ఊరివాడొకాయన వలెన్సియాకు ఆర్చిబిషప్ అయి, పుట్టిన ఊరికి పంపాడు. వంద మంది లేని ఊరు, రూబెన్స్ తెరలు: సోరియా గురించి ఒక్క వాక్యంలో చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

ఇప్పటి సరిహద్దులు ఎప్పుడు వచ్చాయి?

1833లో, మంత్రి హవియెర్ దె బుర్గోస్ దేశాన్ని ప్రావిన్సులుగా విభజించినప్పుడు. పాత సోరియా ఇంకా పెద్దది. ఉత్తరాన కామేరోస్ కొండలు వంటివి అప్పుడే లొగ్రోన్యో ప్రావిన్స్‌కు (నేటి లా రియోహా) పోయాయి.

జనం ఎందుకు తగ్గిపోయారు? నేల పనికిరానిదా?

చాలామంది రెండో మాటే నమ్ముతారు. చలి, రాయి, వాన తక్కువ, కాబట్టి మనుషులు ఉండలేకపోయారని. అంకెలు వేరే కథ చెబుతాయి. ఇదే చలి, ఇదే రాయి ఉన్న 1900లో సోరియాలో లక్షా 50 వేల మంది ఉన్నారు. 1950లో లక్షా 61 వేలు. ఆ తర్వాత 20 ఏళ్ళలో లక్షా 15 వేలకు పడిపోయింది. 2001కి 90 వేల దగ్గరికి వచ్చింది. అదే కాలంలో స్పెయిన్ జనాభా పెరుగుతూనే ఉంది. ఇరవై ఏళ్ళలో వాతావరణం మారలేదు, విధానాలు మారాయి.

1959 తర్వాత ప్రభుత్వం పరిశ్రమల వైపు పరుగు పెట్టింది. 1960లలో ‘అభివృద్ధి కేంద్రాలు’ ప్రకటించినప్పుడు చుట్టుపక్కల బుర్గోస్, సరగోసా, వయ్యదోలిద్ జాబితాలో ఉన్నాయి. సోరియా లేదు. ట్రాక్టరు వచ్చి పది మంది పని ఒక్కడు చేయసాగాడు. ఉన్ని ధర ఎప్పుడో పోయింది. పిల్లలు బార్సిలోనా, బిల్బావో, సరగోసా, మాడ్రిడ్ కర్మాగారాలకు వెళ్ళారు. ముందు ఒక కొడుకు, ఆ తర్వాత చెల్లెలు, చివరికి అమ్మానాన్నలు. బడిలో పిల్లలు తగ్గారని బడి మూసేశారు. బడి లేదని మిగిలిన కుటుంబాలు వెళ్ళిపోయాయి. తియెర్రాస్ ఆల్తాస్‌లో ప్రభుత్వ అటవీశాఖ ఊళ్ళకు ఊళ్ళ భూములను కొని పైన్ మొక్కలు నాటింది. మేత భూమి పోయాక గొర్రె ఎందుకు, గొర్రె లేకపోతే కాపరి ఎందుకు? సార్నాగో అనే ఊరు 1970లు ముగిసేసరికి పూర్తిగా ఖాళీ అయింది. అయితే అక్కడి బిడ్డలు సంఘం పెట్టుకుని, సెలవుల్లో వచ్చి తమ చేతులతో ఒక్కో గోడనూ నిలబెడుతున్నారు.

అంతకుముందే, 1941లో, కుయెర్దా దెల్ పోసో జలాశయం కింద లా మువెద్రా అనే ఊరు మునిగింది. నీళ్ళు తగ్గినప్పుడు చర్చి గోపురం మొండెం బయటికి కనిపిస్తుంది. శ్రీశైలం, పోచంపాడు ముంపు ఊళ్ళవారికి ఆ దృశ్యాన్ని వివరించనక్కర్లేదు.

ఇక రైలు. సాంతాందేర్ నుంచి మధ్యధరా తీరం దాకా అని గొప్పగా పేరు పెట్టిన లైను సోరియా మీదుగా వేశారు. అది ఏనాడూ సాంతాందేర్ చేరలేదు. దాని కోసం ఏడు కిలోమీటర్ల సొరంగం తవ్వి పూర్తి చేశారు, అందులోంచి ఒక్క రైలూ పోలేదు. 1985 జనవరి 1న ఆ లైనే మూసేశారు. 1990లలో కాస్తెహోన్ వైపు లైను కూడా ఆగిపోయింది. ఇప్పుడు మాడ్రిడ్, బార్సిలోనా మధ్య గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు సోరియా దక్షిణ భాగాన్ని దాటుకుంటూ వెళుతుంది. ప్రావిన్స్‌లో ఎక్కడా ఆగదు. కిటికీలోంచి చూసేవారు ‘ఎంత ఖాళీగా ఉందో’ అనుకుంటారు.

మరి ఇప్పుడు అక్కడ ఎవరున్నారు? ఏమి చేస్తున్నారు?

నలుగురిలో ఒకరు 65 దాటినవారు. 2000 తర్వాత మొరాకో, రొమేనియా, బల్గేరియా, లాటిన్ అమెరికా దేశాల నుంచి వలస వచ్చినవారితో లెక్క కాస్త లేచింది. 2011లో 95 వేల దాకా వెళ్ళి మళ్ళీ తగ్గింది. ఎన్నో ఊళ్ళలో బడి తెరిచి ఉందంటే ఆ కుటుంబాల పిల్లల వల్లే. ఓల్వెగాలో మాంసం, ఆహార పరిశ్రమలున్నాయి. సాన్ ఎస్తెబాన్ దె గొర్మాస్ చుట్టూ రిబేరా దెల్ దుయెరో అనే వైన్ ప్రాంతపు ద్రాక్షతోటలున్నాయి. అతావుతా ఊరి పాత తీగలు ఐరోపా ద్రాక్షను నాశనం చేసిన ఫిలోక్సెరా పురుగుకు కూడా లొంగనివి.

పార్లమెంటు దిగువసభకు సోరియా పంపేది ఇద్దరు సభ్యులనే. ఏ ప్రావిన్స్‌కూ ఇంతకంటే తక్కువ ఉండదు. 2001లో మొదలైన ‘సోరియా యా’ (సోరియా, ఇప్పుడే) అనే పౌర వేదిక రోడ్లు, రైళ్ళు, వైద్యం అడిగి అడిగి విసిగి, 2022 ప్రాంతీయ ఎన్నికల్లో తానే పోటీ చేసింది. ప్రావిన్స్‌కున్న ఐదు స్థానాల్లో మూడు గెలిచింది. సోరియా, తెరుయెల్, కుయెంకా ప్రావిన్సులను అతి పలచని జనాభా ప్రాంతాలుగా యూరోపియన్ యూనియన్ గుర్తించడంతో, అక్కడి సంస్థలు ఉద్యోగుల తరఫున కట్టే సామాజిక భద్రత చందాలో ఇప్పుడు రాయితీ ఉంది.

అతి చిన్న ఊళ్ళలో ‘తెరిచిన సభ’ అనే పాత పద్ధతి ఇంకా కనిపిస్తుంది. కౌన్సిలర్లు ఉండరు. ఓటున్న ప్రతి ఒక్కరూ కూర్చుని చేతులెత్తి నిర్ణయిస్తారు. అందరూ పట్టేది ఒక్క గదిలో కాబట్టి అది సాధ్యం.

పైన్ చెట్లలో ఊరివాళ్ళకు వాటా ఉంటుందట, నిజమేనా?

నిజం. కోవలేదా, దుర్వెలో, వినువేసా వంటి అడవి ఊళ్ళలో ఉమ్మడి అడవి నుంచి ఏటా కొట్టే కలపలో అర్హులైన ఊరివారికి పంపకం ఉంటుంది. దాన్ని ‘సుయెర్తె’ అంటారు. ఆ మాటకు వాటా అనీ, అదృష్టమనీ రెండు అర్థాలూ ఉన్నాయి. పుట్టుక, వంశం, అక్కడే కాపురం ఉండటం వంటి నియమాలు ఊరికొక రకం. ఒకప్పుడు ఈ ఊళ్ళ బండివాళ్ళు ఎద్దుబండ్ల మీద కలపను దేశమంతా చేరవేసేవారు. 1497లో రాణి ఇసబెల్, రాజు ఫెర్నాందో వారికి ప్రత్యేక హక్కులిచ్చారు. అడవి తమదని తెలిసిన ఊళ్ళు మిగతా ప్రావిన్స్ కంటే ఎక్కువ కాలం నిలదొక్కుకున్నాయి. ఇది యాదృచ్ఛికం అని నేను అనుకోను.

మచాదోకు సోరియాతో ఏమిటి సంబంధం?

సెవియ్యాలో పుట్టిన ఈ కవి 1907లో సోరియా పట్టణంలో ఫ్రెంచి ఉపాధ్యాయుడిగా చేరాడు. బసచేసిన ఇంటివారి అమ్మాయి లెయోనోర్‌ను 1909లో పెళ్ళాడాడు. అతనికి 34, ఆమెకు 15. ఆ కాలానికి కూడా ఊరు గుసగుసలాడిన పెళ్ళి. 1912 ఆగస్టు 1న ఆమె క్షయతో చనిపోయింది. అతను కొద్ది రోజుల్లోనే ఊరు విడిచి దక్షిణాదికి వెళ్ళిపోయాడు. ఆమె జబ్బుగా ఉన్న రోజుల్లో పిడుగుపడి సగం కుళ్ళిన ఒక ఎల్మ్ చెట్టు, వసంతంలో నాలుగు పచ్చని ఆకులు తొడగడం చూసి కవిత రాశాడు. ఎల్ ఎస్పీనో చర్చి ముందున్న ఎండిన మోడును ఆ చెట్టుగా చూపిస్తారు. లెయోనోర్ సమాధి ఆ పక్క శ్మశానంలోనే. మచాదో కవితలు లేకపోతే ఈ కొండలను మిగతా స్పెయిన్ ఇంత ప్రేమగా తలుచుకునేది కాదు.

నిప్పుల మీద నడుస్తారట, ఎక్కడ?

సాన్ పెద్రో మన్రీకె ఊరిలో, జూన్ 23 అర్ధరాత్రి. సుమారు రెండు టన్నుల సింధూర (ఓక్) కలప కాల్చి, పొడవాటి కర్రలతో కొట్టి కొట్టి బొగ్గులను చాపలా పరుస్తారు. ఊరివాళ్ళు ఒట్టికాళ్ళతో, చాలామంది వీపున మరొకరిని మోసుకుని నడుస్తారు. బరువుతో పాదం గట్టిగా ఆని, బొగ్గుకూ చర్మానికీ మధ్య గాలి చేరదని వాళ్ళు చెప్పే కారణం. వీరభద్రుడి గుండం, పీర్ల గుండం తొక్కే మనకు ఆశ్చర్యమేమీ ఉండదు గానీ, 2011లో ప్రచురితమైన ఒక పరిశోధన మాత్రం ఆసక్తికరం. నడిచేవారి గుండె వేగాన్నీ, చూసేవారి గుండె వేగాన్నీ కొలిచారు. బంధువులు, స్నేహితుల గుండెలు నడిచేవారి గుండెతో పాటే ఎగసి దిగాయి. సంబంధం లేని ప్రేక్షకుల గుండెలు అలా కొట్టుకోలేదు.

తిండి సంగతి?

శాకాహారులకు కష్టం, ముందే చెబుతున్నాను. ఇక్కడి గర్వం ‘తొర్రెస్నో’. పంది పొట్ట మాంసాన్ని చర్మంతో సహా ఉప్పు, పాప్రికా కారం పట్టించి ఆరబెడతారు. వేలెడు మందాన కోసి, చర్మం వైపు కిందికి పెట్టి, కొద్ది నూనెలో సన్న సెగ మీద ఓపిగ్గా ఉంచుతారు. చర్మం మీద చిన్న చిన్న బుడగలు లేచి తెల్లగా పొంగుతుంది. అప్పుడే పక్కకు తిప్పి సెగ పెంచుతారు. తొందరపడితే చర్మం తోలై పళ్ళకు పని పెడుతుంది. సరిగ్గా కుదిరితే అప్పడంలా విరుగుతుంది. శాకాహారులకు మిగిలేవి సోరియా వెన్న, పుట్టగొడుగులు. పంచదార కలిపి గులాబీ రంగు వేసిన వెన్నను తెల్లదాని మీద పువ్వులా పిండి అమ్ముతారు. చలికాలంలో నల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగు) దొరుకుతుంది. అబేహార్ ఊరిలో దానికొక సంత జరుగుతుంది.

అంత తక్కువ మందిలో పేరు తెచ్చుకున్నవారున్నారా?

పరుగు పందేల్లో ఉన్నారు. ఆగ్రెదాలో పుట్టిన ఫెర్మీన్ కాచో 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 1,500 మీటర్ల స్వర్ణం గెలిచాడు. ఓహువెల్ అనే చిట్టి ఊరిలో పుట్టిన అబేల్ అంతోన్ 1997, 1999 ప్రపంచ మారథాన్ విజేత. అదే ఆగ్రెదాలో 17వ శతాబ్దపు సన్యాసిని మరియా ఉండేది. ఊరు దాటకుండానే నాలుగో ఫెలిపె రాజుతో 20 ఏళ్ళకు పైగా ఉత్తరాలు నడిపింది. సముద్రం అవతల న్యూ మెక్సికోలో నీలి వస్త్రాల స్త్రీగా కనిపించి బోధించిందని అప్పటివారు నమ్మారు. ఫుట్‌బాల్‌లో పట్టణపు జట్టు నుమాన్సియా, 2008 ఆగస్టు 31న బార్సిలోనాను 1-0తో ఓడించింది. అది గ్వార్దియోలాకు బార్సిలోనా ప్రధాన జట్టు కోచ్‌గా మొదటి లీగ్ ఆట.

ఎలా వెళ్ళాలి? ఎప్పుడు వెళితే మంచిది?

మాడ్రిడ్ నుంచి బస్సు నమ్మకమైనది. పాత రైలు కూడా ఉంది, రోజుకు కొద్ది సార్లే, దాదాపు మూడు గంటలు. ఊళ్ళు తిరగాలంటే కారు తప్పదు. పెట్రోలు ముందే పోయించుకోండి. శరదృతువులో ఉర్బియోన్ కొండల మీది బీచ్ చెట్ల అడవులు ఎర్రబడతాయి, పుట్టగొడుగులు వస్తాయి.

ఆగస్టులో వెళితే మాత్రం పైన రాసిన అంకెలు అబద్ధంలా అనిపిస్తాయి. మాడ్రిడ్, బార్సిలోనాల్లో స్థిరపడిన పిల్లలు, మనవలు వచ్చేస్తారు. ముప్పై మంది ఊరిలో మూడు వందల మంది, చర్చి ముందు సైకిళ్ళు, అర్ధరాత్రి దాకా పేకాట. నెలాఖరు ఆదివారం సాయంత్రం కార్లు ఒక్కొక్కటిగా బయలుదేరతాయి. వెళ్ళే ముందు నీటి కుళాయి కట్టేసి, కిటికీ తలుపులు మూసి, తాళంచెవి పక్కింటి ముసలమ్మకు ఇచ్చి వెళతారు. చాలా వీధుల్లో చలికాలమంతా తాళాలన్నీ ఆమె దగ్గరే ఉంటాయి.